మూడో టేకు

వెంకటాచలపతిని మీరు చూసే ఉంటారు. చూసి మర్చిపోయి ఉంటారు, అదీ నిజమే. పెళ్ళిపందిట్లో హీరోయిన్ మెడలో విలన్ తాళి కట్టబోతుంటే గుమ్మంలోంచి ఎవడో "ఆపండి!" అని అరుస్తాడు చూడండి, అప్పుడు ఉలిక్కిపడి తలెత్తే పురోహితుడు చలపతే. ఆపరేషన్ గదిలోంచి బయటికి వచ్చి, కళ్ళజోడు తీసి, మాట రాక తల అడ్డంగా ఊపే డాక్టరూ చలపతే. మద్రాసులో పదిహేడేళ్ళు ఉండి నూట పన్నెండు సినిమాల్లో కనిపించాడు. ఆ ముక్కలన్నీ ఏరి అతికించినా ఇంటర్వెల్ దాకా రావు.

నూజివీడులో మాత్రం ఆయన పెద్ద స్టారు. తెర మీద ఆ మొహం పడీ పడగానే నేలక్లాసంతా ఈలలు. "మన ఆచార్యులు గారి తమ్ముడ్రోయ్!" అని ఒకటే కేకలు. ఊరికి ఆ మాత్రం చాలు. చలపతికి చాల్లేదు. తను రాసుకున్న కథని తన చేత్తో సినిమా తియ్యాలి. ఒక్కటి. ఒక్కటంటే ఒక్కటి! దాని కోసం పెళ్ళి మానుకున్నాడు. పేరున్న రచయితలకి పేరు లేకుండా సీన్లు రాసిచ్చాడు. తన కంటే చిన్నవాళ్ళ దగ్గర క్లాపు బోర్డు పట్టుకు నిలబడ్డాడు. అలా నిలబడగా నిలబడగా నలభై రెండేళ్ళు నెత్తి మీదికొచ్చి కూర్చున్నాయి.

ఊళ్ళో చలపతికి ఉన్నదల్లా అన్నా వదినా. అన్న భావనారాయణాచార్యులు వేణుగోపాలస్వామి గుళ్ళో అర్చకుడు. అమ్మా నాన్నా ఏడాది తేడాలో పోయేటప్పటికి చలపతికి తొమ్మిదేళ్ళు. అప్పుడే కాపురానికొచ్చిన వదిన సౌభాగ్యలక్ష్మికి పదహారో పదిహేడో. ఆవిడే చలపతికి నీళ్ళు పోసింది, అన్నం కలిపి పెట్టింది, లెక్కల్లో తప్పినప్పుడు అన్నగారికి తెలియకుండా కాగితం మీద సంతకం కూడా పెట్టింది. వాళ్ళకి పిల్లలు కలగలేదు. ఎవరైనా ఆ ప్రస్తావన తెస్తే, "మా చలపతి లేడూ?" అనేది వదిన, అక్కడితో ఆ మాట తెగిపోయేది.

అన్నగారికి మరో విద్య ఉండేది. వయసులో ఉండగా పౌరాణిక నాటకాలు ఆడేవాడు. ఆయన పద్యం ఎత్తుకుంటే హార్మోనియం వాడు శ్రుతి వెతుక్కోవలసిందే. చలపతికి నాటకం పిచ్చి అంటించింది ఆయనే. తమ్ముడు మద్రాసు పోతానంటే బస్టాండు దాకా వచ్చి, "ఏ వేషమైనా వెయ్యి. మంత్రం మాత్రం తప్పు చదవకు," అని ఒక్క మాట చెప్పి వెనక్కి తిరిగాడు. ఆ వెనక్కి తిరగడం కూడా కళ్ళు తుడుచుకోవడానికేనని చలపతికి తెలుసు.

ఎనభై ఆరులో చలపతి దశ తిరిగింది. తిరిగిందనే అందరూ అనుకున్నారు. నూజివీడు మామిడికాయల వ్యాపారి ప్రభాకరరావు సినిమా తీస్తానని ముందుకొచ్చాడు. చలపతి చెప్పిన కథ ఆయనకి నచ్చింది. ఒక ముసలి రైతు ఉన్న ఒక్క తోటా అమ్ముకుంటాడు. కొన్నవాళ్ళు కోతకి వచ్చే రోజున, కాయలు దిగడం చూడలేక, చెట్టు కింద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోతాడు. పేరు 'ఆఖరి కోత'. మైలవరం రోడ్డులో తన తోటే ఇస్తానన్నాడు ప్రభాకరరావు.

"ఒకటే మాటండీ చలపతి గారూ. కాయ చెట్టు మీద ఉండగానే మీ షూటింగు అయిపోవాలి. రసాలు పదునుకొచ్చాక నేను ఒక్క రోజు ఆపలేను. కాయ నా మాటా వినదు, మీ మాటా వినదు," అన్నాడు.

ముసలి రైతు వేషానికి మద్రాసులో ఒక పెద్ద నటుడు ఒప్పుకున్నాడు. తీరా ఏప్రిల్ నెలాఖరులో ఇంకో పెద్ద సినిమా తగిలేసరికి రానని కబురు పెట్టాడు. కోతకి ఇరవై రోజులే ఉంది. చలపతి రెండు రోజులు తోటలో పిచ్చివాడిలా తిరిగి, మూడో రోజు పొద్దున్నే అన్న ముందు నిలబడ్డాడు.

"నేనా? రైతునా? మొహాన నామం లేకపోతే నన్ను నేనే గుర్తుపట్టనురా!" అన్నాడు అన్న నవ్వుతూ.

"నువ్వు తప్ప ఎవరూ లేరన్నయ్యా. నువ్వు కాదంటే నా పదిహేడేళ్ళూ గంగపాలే."

అన్న వదిన వంక చూశాడు. "చెయ్యండి. ఇన్నాళ్ళకి నోరు తెరిచి ఒకటి అడిగాడు వాడు," అంది వదిన.

"సరే. సాయంత్రం ఆరాధన వేళకి నన్ను గుళ్ళో దింపాలి. నా నీళ్ళు నా ఇంటి నుంచే రావాలి. ఈ రెండూ తప్పకూడదు," అన్నాడు అన్న.

ఆ నీళ్ళ సంగతి ఊరందరికీ తెలుసు. తెల్లవారకముందే తలారా స్నానం చేసి, తడిబట్టతో బావిలోంచి తోడుకున్న మడినీళ్ళు తప్ప ఆచార్యులు గారు గొంతులో పోసుకోరు. ఆ చెంబుని మడిలో లేనివాళ్ళు ఎవరు ముట్టుకున్నా, కట్టుకున్న పెళ్ళామైనా సరే, ఆ నీళ్ళు ఇక చెట్టుకే. అత్తారింటికెళ్ళినా బావి దగ్గరికి తనే పోయి తోడుకునేవాడు. ఛాదస్తం అనండి, పట్టుదల అనండి, నలభై ఏళ్ళుగా తప్పని నియమం. ఎవరినీ ఏమీ అనేవాడు కాదు. నీళ్ళు మైలపడితే నోరు మూసుకుని దాహంతో ఉండేవాడు, అంతే.

ఇక షూటింగు సంగతి. ఆ రోజుల్లో ఆరుబయట మాటలు రికార్డు చేసేవాళ్ళు కాదు. నటుడు నోటితో మాట చెబుతాడు, కెమెరాలో బొమ్మ మాత్రం పడుతుంది. తర్వాత మద్రాసులో డబ్బింగ్ థియేటర్లో, తెర మీద పెదాలు చూస్తూ అదే మాట మళ్ళీ చెప్పాలి. చలపతి తెచ్చిన అద్దె కెమెరా అయితే పిండిమర లాగా మోత. దాని పక్కన నిలబడితే మన గొంతు మనకే వినపడదు. అన్నగారు మొదట రెండు రోజులు కెమెరాని చూసి బిగుసుకుపోయాడు. మూడో రోజు నుంచి, అబ్బ, ఏం చేశాడండీ! తోట అమ్మిన కాగితం మీద వేలిముద్ర వేసే సీనులో లైటు పట్టుకున్న వాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు. చలపతికి ఛాతీ ఉప్పొంగిపోయింది. ఈ సినిమా ఆడితే తనకి ఒక పేరు, అన్నకి ఒక పేరు. ఇద్దరి బాకీ ఒకేసారి తీరిపోతుంది అనుకున్నాడు.

ఆఖరి సీను శనివారం పడింది. సోమవారం కాయలు దించే చిక్కాల కర్రలతో కూలీలు దిగుతారు. శనివారాలు అన్నగారికి ఉపవాసం. మే నెల ఎండ, ఆకు కదలడం లేదు. చావు సీనులో కెమెరా దగ్గరుంటే అన్నగారు తడబడతాడని, దూరాన్ని దగ్గర చేసి చూపించే పెద్ద లెన్సు బిగించి, అరవై గజాల అవతల, పంపుసెట్టు పక్కన కెమెరా పెట్టారు. తెల్ల తువ్వాలు ఊపితే అన్న మొదలుపెట్టాలి. చెట్టు మొదట్లో కూర్చుని, చెయ్యెత్తి కొమ్మని అందుకోబోయి, "ఈ తోట నాదనుకున్నాను. కాదు, నేనే ఈ తోటవాణ్ణి," అని వాలిపోవాలి.

చలపతి లెన్సులోంచి చూశాడు. అన్న మోకాలి పక్కన ఇత్తడి మరచెంబు ఎండకి ధగధగా మెరుస్తోంది. ఫ్రేము పాడైపోతోంది. గబగబా పరుగెత్తుకెళ్ళి చెంబు తీసి చెట్టు వెనక పెట్టి, అంతే గబగబా తిరిగొచ్చాడు. అప్పటికి టైము పదిన్నర.

మొదటి టేకులో రోడ్డు మీద లారీ పోయి దుమ్ము లేచింది. రెండో టేకుకి కెమెరాలో ఫిల్ము ఇరుక్కుంది. అది విప్పి బాగు చేసేసరికి ఒంటిగంట. "అన్నయ్యా, ఇంకొక్కటే!" అని చలపతి దూరం నుంచే కేకేశాడు. అన్న తల ఊపాడు. తువ్వాలు ఊపారు.

మూడో టేకులో అన్న చెయ్యెత్తాడు. ఆ చెయ్యి కొమ్మ వైపు పోలేదు, కెమెరా వైపు చాచాడు. పెదాలు కదిలాయి. మళ్ళీ కదిలాయి. చెయ్యి వణికి ఒళ్ళో పడింది, తల పక్కకి వాలింది. కెమెరామేన్ అయితే తువ్వాలు నేలకేసి కొట్టి, "సూపర్ సార్! సూపర్!" అని అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చలపతి ఆ ఆనందంలో తర్వాతి షాట్ గురించి మాట్లాడుకుంటూ, తీరిగ్గా ఆ అరవై గజాలూ నడిచి వెళ్ళాడు. "శభాష్ అన్నయ్యా, లే," అని భుజం మీద చెయ్యేశాడు. అన్న లేవలేదు.

ప్రభాకరరావు కారులో నూజివీడు ఆస్పత్రికి తీసుకెళ్ళారు. వడదెబ్బ, గుండె ఆగిపోయింది అన్నారు. సోమవారం దిగవలసిన కోత ప్రభాకరరావు రెండు రోజులు ఆపించాడు. కాయ మాట వినదన్న మనిషే ఆపించాడు.

ఆగస్టులో డబ్బింగు మొదలైంది. అన్న లేడు కనక ఆయన మాటలు తనే చెప్పాలనుకున్నాడు చలపతి, ఆ గొంతు తనకి పుట్టుకతో వచ్చినట్టే వచ్చు. ఫిల్ము ముక్క రెండు కొసలూ అతికించి చుట్ట చేస్తే, అదే సీను తెర మీద మళ్ళీ మళ్ళీ తిరుగుతూ ఉంటుంది. అన్నీ సరిపోయాయి. ఆఖరి సీను దగ్గర మాట అతకడం లేదు. చలపతి పది సార్లు చెప్పాడు, ఇరవై సార్లు చెప్పాడు. చివరికి సౌండు ఇంజనీరు మైకులో, "సార్, ఆయన మీరు రాసింది చెప్పలేదండీ. ఇంకేదో చెప్పారు," అన్నాడు.

చలపతికి ఒళ్ళు పులకరించింది. అన్న సంగతి తనకి తెలియదా! నాటకంలో కూడా రాసిన దాన్ని వదిలి, సొంతంగా పద్యమో మాటో అందుకుని హాలుని ఊపేసేవాడు. ఇక్కడా అదే చేసుంటాడు. తను రాసినదానికంటే గొప్ప మాట ఏదో అని ఉంటాడు. ఆ మాట దొరికితే సినిమా ఎక్కడికో పోతుంది. అది చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉంది. పూజలో కూర్చుంటే అన్న మంత్రం తప్ప మరో మాట పైకి పలికేవాడు కాదు. తులసి కావాలన్నా, హారతి పళ్ళెం కావాలన్నా చప్పుడు లేకుండా పెదాలు కదిపేవాడు. గర్భగుడి గడప అవతల నుంచి చూసి అందించేది వదిన. ముప్ఫై నాలుగేళ్ళు ఆ పెదాలు చదివిన మనిషి.

మర్నాటి రైల్లో బయల్దేరి నూజివీడు వెళ్ళాడు. మొగుడు పోయి మూడు నెలలు, ఏడాది దాకా గడప దాటకూడని మనిషిని రమ్మని ఎలా అడగాలో తెలియక నట్టింట్లో నిలబడ్డాడు.

"వదినా, అన్నయ్య ఆఖర్న ఏదో మాటన్నాడు. ఏంటో మాకెవరికీ తెలియడం లేదు."

వదిన గోడకి చేరగిలి కూర్చున్నదల్లా నిటారుగా లేచి కూర్చుంది. "ఆఖరి మాటా? చూడొచ్చా?" అంది. ఇంకేమీ అడగలేదు. విజయవాడ దాటి ఎరగని మనిషి, ఊరు ఏమనుకున్నా అనుకోనీ అని, చెంగు తల మీదుగా కప్పుకుని బయల్దేరింది.

డబ్బింగ్ థియేటర్లో దీపాలార్పి ఆ ముక్క వేశారు. తెరంతా అన్న మొహం. వదిన నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. చెయ్యి చాచడం, పెదాలు కదలడం, తల వాలడం. మళ్ళీ చెయ్యి చాచడం. నాలుగుసార్లు తిరిగింది. అయిదోసారికి వదిన ఆ పెదాలతో పాటే మెల్లిగా పలికింది.

"చలపతీ, నీళ్ళు ఇప్పించరా. ఎవరి చేతివైనా ఫరవాలేదు."

ఇంజనీరుకి ఏం చెయ్యాలో తోచక మిషను ఆపలేదు. తెర మీద అన్న అడుగుతూనే ఉన్నాడు.

"నా పుట్టింట్లో ఒక్క గుక్క తాగలేదు ఆయన," అంది వదిన, చలపతి వంక చూడకుండా. "జ్వరంలో కూడా తాగలేదు. ఎవరి చేతివైనా అన్నాడంటే... ఆ రోజు చెంబు నిండా నీళ్ళు తిరిగొచ్చాయి. దగ్గర పెట్టుకుని ఎందుకు తాగలేదో అని ఈ మూడు నెలలూ తల బద్దలు కొట్టుకున్నాను."

చలపతికి అప్పుడు గుర్తొచ్చింది. మెరుస్తోందని తీసిన చెంబు. తన చేతులు. పొద్దున టిఫిను తిన్న చేతులు, సిగరెట్టు కాల్చిన చేతులు. ఆ ఇంట్లో పుట్టి, ఆ నియమం చూస్తూ పెరిగి, ఆ క్షణంలో మర్చిపోయిన వెధవ తనే!

"నేను ముట్టుకున్నాను వదినా," అన్నాడు. "ఫ్రేములో అడ్డం వస్తోందని నేనే తీశాను."

వదిన ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని చలపతికి అనిపించింది. "ఆ మాట అలాగే ఉంచు చలపతీ. వినిపించకపోయినా సరే. ఇంకో మాట మాత్రం ఆయన నోట్లో పెట్టకు," అంది. చలపతి ఆవిడ పాదాలు పట్టుకుని, పెట్టనని మాటిచ్చాడు.

ఆ మాట వారం నిలబడలేదు. మాట లేకుండా ఆ సీను వేసి చూపిస్తే ప్రభాకరరావు అయోమయంగా చూశాడు. "ఏంటండీ ఇది? పెదాలు కదుల్తున్నాయి, మాట లేదు. మిషను చెడిందనుకుని జనం గోల చెయ్యరూ?" అన్నాడు. ఆయనకి నిజం చెప్పి ఉండొచ్చు. మంచి మనిషే, అర్థం చేసుకునేవాడు. చలపతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, నిజం తెలిస్తే ఆయన ఆ సీనే తీసెయ్యమంటాడు, తనకి అది తీసెయ్యాలని లేదు కనక. పదిహేడేళ్ళ నుంచి కాచుక్కూర్చున్న సినిమాకి ఆ షాటే ప్రాణం. ఆ సంగతి అందరికంటే తనకే బాగా తెలుసు. తనని తనే నానా తిట్లూ తిట్టుకుంటూ మైకు ముందు నిలబడి, అన్న గొంతుతో, "ఈ తోట నాదనుకున్నాను," అని చెప్పాడు. అక్షరాలు ఒకటి సాగదీసి, ఒకటి మింగి, ఎలాగో అతికించారు.

ఎనభై ఏడు మార్చి నెలాఖరులో 'ఆఖరి కోత' వచ్చింది. బయట ఊళ్ళలో రెండు వారాలు ఆడింది, నూజివీడులో యాభై రోజులు ఆడింది. పేపర్లలో అందరూ ఆ షాట్ గురించే రాశారు. చావుని ఇంత సహజంగా తెర మీద చూడలేదని ఒకాయన పొగిడాడు. చలపతి ఆ కాగితం చదివి, మడిచి, ఎవరికీ చూపించకుండా చింపేశాడు.

యాభయ్యో రోజున థియేటర్లోనే సన్మానం పెట్టారు. అప్పటికి అన్నగారి సంవత్సరీకం అయిపోయింది. ప్రభాకరరావు, భార్య కామేశ్వరి స్వయంగా వెళ్ళి బతిమాలితే వదిన వచ్చింది. అప్పటిదాకా ఆవిడ సినిమా చూడలేదు. మొదటి వరసలో కూర్చోబెట్టి ముందు ఆట వేశారు. ఆఖరి సీను వచ్చింది. అన్న చెయ్యి చాచాడు. "ఈ తోట నాదనుకున్నాను..." హాలంతా ముక్కులు చీదుకుంటోంది. పక్కన నిలబడ్డ చలపతి తెర వంక చూడలేదు, వదిన వంకే చూశాడు. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. ఆవిడ వేరే మాట పలుకుతోంది.

దీపాలు వెలిగాయి. ప్రభాకరరావు వదినకి శాలువా కప్పాడు. చలపతికి పూలదండ వేశాడు. జనం "డైలాగు! డైలాగు!" అని ఒకటే గోల. ఆచార్యులు గారి గొంతుతో ఆ డైలాగు చెప్పాలట.

చలపతి మైకు అందుకున్నాడు. "ఈ తోట..." అన్నాడు. ఎదురుగా వదిన, ఒళ్ళో చేతులు పెట్టుకుని, తన పెదాల వంక చూస్తోంది. అన్న పెదాల వంక అన్నేళ్ళు చూసినట్టే చూస్తోంది. ఇక అబద్ధం రాలేదు. దుఃఖం తన్నుకొచ్చి, ఆ దుఃఖంలోంచి అచ్చం అన్న గొంతే పలికింది.

"చలపతీ, నీళ్ళు ఇప్పించరా. ఎవరి చేతివైనా ఫరవాలేదు."

హాలు వెనక నుంచి ఎవడో "ఏడిపించేశాడ్రా బాబూ!" అని ఈల వేశాడు. అంతే, టాపు లేచిపోయేలా చప్పట్లు. ప్రభాకరరావు కండువాతో కళ్ళు తుడుచుకుంటూ దగ్గరికొచ్చి, చలపతి చెవిలో, "అరెరె, ఇదే పెట్టాల్సిందండీ! ఇంత మంచి మాట ఎందుకు తీసేశారు?" అన్నాడు.

వదిన శాలువా మడిచి కుర్చీలో పెట్టి, జనాన్ని తప్పుకోమంటూ బయటికి నడిచింది. చలపతి వెంట వెళ్ళబోతే దండలు పట్టుకుని అడ్డం వచ్చారు. చప్పట్లు ఇంకా కొడుతూనే ఉన్నారు.